చిత్తూరులో బెల్టుల అంగడి: డీజిల్ ఇంజన్‌తో గానుగ ఆడించేవాడి రివ్యూ

ఈ అంగడికి అయిదుకు నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గిందో కింద రాస్తాను. బయటినుంచి చూడటానికి ఏమీ ఉండదు. చిత్తూరు హైరోడ్డు పక్క సందులో ఒకే షట్టరు, ఎండకు వెలిసిపోయిన బోర్డు, లోపల మూడు గోడలకూ మేకులు కొట్టి తగిలించిన నల్ల బెల్టులు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, పుల్లీలు, కప్లింగ్ రబ్బర్లు కూడా దొరుకుతాయి. కానీ పిండి మిషన్ల వాళ్లు, రంపం మిల్లుల వాళ్లు, మాలాంటి గానుగల వాళ్లు ఇక్కడికి వచ్చేది బెల్టుల కోసమే. కారుకు ఫ్యాన్ బెల్టు కావాలనుకునేవాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు, అది ఏ స్పేర్ పార్టుల అంగట్లో అయినా దొరుకుతుంది. డీజిల్ ఇంజన్‌తో బరువైన యంత్రం తిప్పేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది పెనుమూరు పక్క పల్లె. సొంత చెరకు కొంత, చుట్టుపక్కల రైతులది కొంత ఆడించి బెల్లం వండుతాం. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడినాక మా పక్క చెరకు వేసేవాళ్లకు గానుగే దిక్కయింది. సంక్రాంతికి ముందు మొదలుపెడితే ఎండలు ముదిరేదాకా పని ఉంటుంది. కరెంటు మోటారు పెట్టుకున్న గానుగలు చాలానే ఉన్నాయి. మాది ఇంకా డీజిల్ ఇంజనే: 10 హార్స్‌పవర్, సింగిల్ సిలిండర్, 1500 ఆర్‌పీఎం. ఇంజన్ మీద 6 అంగుళాల పుల్లీ, గానుగ మీద 30 అంగుళాల పుల్లీ, రెండింటికీ కలిపి మూడు బి-120 బెల్టులు (బి అనేది బెల్టు సైజు, 120 అనేది అంగుళాల్లో పొడవు). ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే గానుగ పుల్లీ 300 తిరుగుతుంది. అక్కడినుంచి పళ్ల చక్రాలు ఆ వేగాన్ని ఇంకా తగ్గించి రోలర్లను మెల్లగా, బలంగా తిప్పుతాయి.

బెల్టులకు ఇంత రివ్యూ ఏమిటని నవ్వేవాళ్లు ఒకసారి గానుగ దగ్గరికి రావాలి. నరికిన చెరకును 24 గంటల లోపల ఆడించాలి. ఆలస్యమయ్యేకొద్దీ గడలోని చక్కెర విరిగిపోతుంది, పాకం ఎంత కాచినా ముద్ద సరిగా కట్టదు. ఇక పొయ్యి రగిలి, కొప్పెర సగం నిండి, అప్పుడు బెల్టు తెగిందనుకోండి. కింద మంట ఆర్పలేం, పైన రసం రాదు. ఉన్నంతవరకు వండితే పాకం తక్కువై అడుగంటుతుంది, వండకపోతే రసం పులుస్తుంది. చెరకు నరికేవాళ్లు, రసం మోసేవాళ్లు, పొయ్యి దగ్గరి మనిషి అందరూ చెట్టు కింద కూర్చుంటారు, కూలి మాత్రం కూర్చోదు. బెల్టు ఖరీదు కంటే అది తెగిన పూట అయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

పోయిన సీజన్‌లో టౌనులోనే ఇంకో అంగట్లో కొన్న సెట్టు సగం సీజన్ కూడా నిలవలేదు. చెరకు కట్ట గానుగ నోట్లో పెట్టగానే బెల్టు కీచుమని అరుపు, ఇంజన్ దిమ్మె మీద నల్లటి పొడి, కాలిన రబ్బరు వాసన. ఇంజన్ శబ్దంలో తేడా ఉండదు, గానుగ మాత్రం నీరసపడుతుంది. అమ్మినవాళ్లను అడిగితే ఇంకా గట్టిగా బిగించమన్నారు. అంతకన్నా బిగిస్తే ఇంజన్ బేరింగు పోతుంది. మా ఊరి పిండి మిషన్ ఆయన ఈ అంగడి గురించి చెబితే వచ్చాను.

పాత బెల్టు ఇచ్చి ఇలాంటివి మూడు కావాలన్నాను. అంగడి పెద్దాయన దాన్ని తిరగేసి, పక్కలు గోటితో గీకి, లోపలి వైపు వెలుతురుకు పెట్టి చూశాడు.

"దీని అడుగు ఎందుకు మెరుస్తా ఉండాది నాయనా?"

అసలు విషయం అంతా అదే. ఇవి వీ-బెల్టులు, అంటే పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండేవి. వీ-బెల్టు పుల్లీని పట్టేది పక్కలతో, అడుగుతో కాదు. గాడిలో ఎంత ఇరుక్కుంటే అంత పట్టు. గాడి అడుగుకూ బెల్టుకూ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉండాలి. బెల్టు అడుగు మెరిసిందంటే గాడి పక్కలు అరిగిపోయి, బెల్టు కిందికి దిగి, అడుగున రాసుకుంటోందని అర్థం. అప్పుడు కొత్త బెల్టు వేసినా, ఇంకో నాలుగు చుట్లు నట్టు బిగించినా జారడం ఆగదు.

"చిన్న పుల్లీ ఊడదీసుకుని రా. అది చూడకుండా బెల్టులిస్తే నెలకే మళ్లా వస్తావు, నన్ను తిడతావు."

అంగట్లో సరుకు ఉంది, నా జేబులో డబ్బుంది. అయినా అమ్మలేదు. ఆ పూట నాకు చిరాకే వేసింది, బస్సు ఖర్చు దండగ అనిపించింది. కానీ ఈ నాలుగు స్టార్లలో రెండు ఆ ఒక్క మాటకే.

పుల్లీ పట్టుకుని మళ్లీ పోయినప్పుడు ఆయన సొరుగులోంచి ఒక రింగుకు గుచ్చిన రేకు ముక్కలు తీశాడు. గాడి కోణం కొలిచే గేజీలు అవి. ఒక్కోదాని మీద 34, 36, 38 అని గీసి ఉంది. బి సైజు బెల్టు పైన 17 మి.మీ. వెడల్పు, 11 మి.మీ. మందం ఉంటుంది, దాని పక్కల మధ్య కోణం 40 డిగ్రీలు. గాడి కోణం మాత్రం అంతకంటే తక్కువ పెడతారు, అది కూడా పుల్లీ సైజును బట్టి మారుతుంది. బెల్టు చిన్న పుల్లీ చుట్టూ వంగేటప్పుడు పైభాగం సాగి లోపలి భాగం నలుగుతుంది, ఆ నలిగిన రబ్బరు పక్కలకు ఉబ్బి బెల్టు కోణమే తగ్గిపోతుంది. అందుకే మా 6 అంగుళాల పుల్లీకి 34 డిగ్రీల గాడి, 30 అంగుళాలదానికి 38. గేజీ గాడిలో పెట్టి వెనక సెల్‌ఫోన్ లైటు వేశాడు. రెండు పక్కలా మధ్యలోంచి వెలుతురు కారింది. తిన్నగా ఉండాల్సిన గోడ లోపలికి గుంట పడింది.

పెద్ద పుల్లీ సంగతి అడిగితే, దాన్ని ఊడదీసే అవస్థ వద్దని గేజీ నా చేతికే ఇచ్చి పంపాడు, మళ్లీ వచ్చినప్పుడు తిరిగివ్వమన్నాడు. చూస్తే బాగానే ఉంది. అరుగుదల ముందు చిన్నదానికే వస్తుందని ఆయన చెప్పింది నిజమే. పెద్దది ఒక చుట్టు తిరిగేలోపు చిన్నది అయిదు తిరుగుతుంది. పైగా పుల్లీల సైజుల్లో తేడా ఇంత ఉన్నప్పుడు బెల్టు చిన్నదాని మీద సగం చుట్టు కూడా ఆనదు. తక్కువ చోట ఎక్కువ బలం పట్టాలి, జారితే అక్కడే జారుతుంది.

కొత్త పోత ఇనుప పుల్లీ, మూడు గాళ్లది, తీసిచ్చాడు. ఇంజన్ షాఫ్టు సైజుకు రంధ్రం బోరు చేయించడం, కీ గాడి కొట్టించడం పక్కవీధి లేతు షాపులో. ఆ షాపుకు వేరే స్టార్లు ఇవ్వాలి, ఇక్కడ వద్దు.

తర్వాత బెల్టులు. నేను చదివి పోయింది ఏమిటంటే లోపలి వైపు పళ్లు కోసిన బెల్టు మంచిదని. అది నిజమే, చిన్న పుల్లీ మీద సులువుగా వంగుతుంది, తక్కువ వేడెక్కుతుంది, అదే వెడల్పులో ఎక్కువ బలం మోస్తుంది. ధర కూడా బాగా ఎక్కువ. ఎక్కువ ధరది అడిగినా ఆయన ఇవ్వలేదు. గానుగకు మామూలు గుడ్డ చుట్టిన బెల్టే వేసుకోమన్నాడు. కారణం ఇది: చెరకు కట్టలో గట్టి గనుపులు ఒకేచోట పడో, రాయి పడో రోలరు పట్టేసినప్పుడు ఎక్కడో ఒకచోట వదలాలి. గుడ్డ చుట్టిన బెల్టు ఆ క్షణం కాస్త జారి దెబ్బను తను తీసుకుంటుంది. పళ్ల బెల్టు పక్కలకు గుడ్డ ఉండదు, రబ్బరే నేరుగా గాడిని పడుతుంది, అది అంత తొందరగా వదలదు. అప్పుడు విరిగేది గానుగ పళ్ల చక్రం. చక్రం పన్ను ఖరీదెంతో గానుగలవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఎప్పుడూ ఒకే లోడుతో తిరిగే పంపుకో, బ్లోయరుకో అయితే పళ్ల బెల్టే ఇస్తానన్నాడు.

మూడూ ఒకే కంపెనీవి, ఒకే బ్యాచ్‌వి వెతికి తీశాడు. ఒకదాని పక్కన ఒకటి కొక్కేనికి తగిలించి పొడవులు సరిచూశాడు. నంబరు ఒకటే అయినా బెల్టుకూ బెల్టుకూ చిన్న తేడా ఉండొచ్చు, పొట్టిది బరువంతా మోస్తుంది, మిగతా రెండూ షికారుకొచ్చినట్టు తిరుగుతాయి. ఒకటి తెగితే ఒక్కటే మార్చడం కూడా ఇందుకే తప్పు. పాతవి సాగి ఉంటాయి, కొత్తది ఒంటరిగా లాగి ముందు అదే పోతుంది. బి-120 అంటే లోపలి చుట్టుకొలత 120 అంగుళాలు, దగ్గర దగ్గర 3048 మి.మీ. పాత బెల్టు మీద నంబరు చెరిగిపోతే లోపలి వైపు టేపు తిప్పి కొలుచుకోవచ్చు, పైనుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

మూడూ కలిపి రెండున్నర వేల లోపే అయింది. అచ్చేసి ఉన్న ధర కంటే కొంచెం తగ్గించాడు, బేరం చేయనివ్వలేదు. పేరున్న కంపెనీల అచ్చుతో దొంగ సరుకు తిరిగే కాలం, బిల్లు మీద బ్యాచ్ నంబరు కూడా రాసివ్వడం నాకు నచ్చింది.

అరుపు తగ్గడానికి గుగ్గిలం పొడి కొట్టొచ్చా అని నా వెనక నిలబడిన ఒక రైతు అడిగాడు. మా పక్క ఇది పాత అలవాటు. పట్టా బెల్టుల కాలంలో గుగ్గిలం వేసేవాళ్లు, చాలామంది వీ-బెల్టుకూ అదే వేస్తారు, సబ్బు రుద్దేవాళ్లూ ఉన్నారు. పెద్దాయనకు కోపం వచ్చింది. పట్టా బెల్టు చదునుగా పట్టుకుంటుంది, దానికి జిగురు కావాలి. వీ-బెల్టుకు జిగురు వేస్తే రబ్బరు మెత్తబడి తొందరగా పాడవుతుంది, దాని మీద చెరకు పిప్పి దుమ్ము అంటుకుని గాడిలో పేరుకుంటుంది. "అరిచే బిడ్డ నోట్లో గుడ్డ కుక్కుతావా?" అన్నాడు ఆ రైతుతో. గుగ్గిలం అంగట్లో ఉంది, అమ్మలేదు. ఈయనకు వ్యాపారం ఎలా జరుగుతుందో నాకు అర్థం కాదు.

బెల్టులు వేసింది మా అక్క కొడుకూ నేనూ. వాడు గోవాలో తెరచాప పడవలు రిపేరు చేసే చోట మెకానిక్కు. సంక్రాంతికి వచ్చి, గానుగ ముందు నిలబడి మొదట చూసింది ఇంజన్ దిమ్మె మీది నల్ల పొడినే. "బెల్టు తినేస్తా ఉంది మామా" అన్నాడు, ఇంజన్ ఇంకా స్టార్టు కూడా చేయలేదు. పడవ ఎక్కగానే వాళ్లు చూసేది కూడా ఆ పొడినేనట.

తెరచాప పడవకు డీజిల్ ఇంజన్ ఎందుకో నాకు తెలియదని వాడికి తెలుసు, అడగకుండానే చెప్పాడు. గాలి పడిపోయినప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు, బయటికి పోయేటప్పుడు ఇంజనే నడపాలి. ఆ ఇంజన్ ముందువైపు క్రాంక్ పుల్లీ, నీటి పంపు పుల్లీ, బ్యాటరీ చార్జి చేసే ఆల్టర్నేటర్ పుల్లీ మూడు మూలలుగా ఉంటాయి, ఒకే బెల్టు మూడింటినీ చుట్టి వస్తుంది. కొన్ని ఇంజన్లలో సముద్రపు నీళ్లు తోడే పంపుకు ఇంకో చిన్న బెల్టు ఉంటుంది. బెల్టు తెగితే ఇంజన్‌లో నీళ్లు తిరగడం ఆగి వేడెక్కుతుంది, బ్యాటరీ చార్జింగు కూడా ఆగుతుంది. రేవు ముఖంలో రాళ్ల మధ్య ఇది జరిగితే ఏమవుతుందో ఆలోచించు మామా అన్నాడు. నేను కొప్పెర గురించి ఆలోచించాను.

వాళ్ల దగ్గర బెల్టులు తినే దొంగ వేరు. పడవ యజమానులు ఫ్రిజ్జు, లైట్లు, దారి చూపే తెరలు అన్నీ పెట్టుకుని, వాటికి చాలదని కంపెనీ ఇచ్చిన చిన్న ఆల్టర్నేటర్ తీసేసి పెద్దది బిగిస్తారు. అర అంగుళం వెడల్పు బెల్టు ఒక్కటి దాదాపు 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ దాకా లాగుతుంది, అది దాటితే పొడే. బ్యాటరీలు బాగా దిగిపోయి ఉన్న పొద్దున ఇంజన్ వేయగానే అరుపు మొదలవుతుందట, మాకు చెరకు కట్ట పెట్టగానే వచ్చే అరుపు లాంటిదే. దానికి మందు రెండు బెల్టుల పుల్లీ వేయడం, లేదా సన్న గాళ్లు వరుసగా ఉండే వెడల్పు చదును బెల్టుకు మారడం. బిగించుకుంటూ పోవడం కాదు.

రెండో దొంగ తుప్పు. ఉప్పు గాలికి పుల్లీ గాడి తుప్పు పడుతుంది, ఆ గరుకు కొత్త బెల్టు పక్కలను గీకేస్తుంది. ఈ మాట నాకు బాగా పనికొచ్చింది. మా గానుగ వానాకాలం అంతా రేకుల కింద ఊరికే పడి ఉంటుంది. సీజన్ మొదట్లోనే బెల్టు పొడి రాలడానికి సగం కారణం ఇదే. వాడు పెద్ద పుల్లీ గాళ్లను సన్న ఎమరీ కాగితంతో, మూడు గాళ్లూ, చుట్టూ, వేలు పెడితే నున్నగా తగిలేదాకా రుద్దాడు. కొంచెం నూనె రాద్దామా అంటే నన్ను చూసిన చూపు అంగడి పెద్దాయన చూపు లాగానే ఉంది.

బిగించే పని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అంగట్లో చెప్పిందీ వాడు చేసిందీ అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇంజన్ దిమ్మె బోల్టులు వదులు చేసి, ఇంజన్‌ను గానుగ వైపు జరిపి, బెల్టులు చేత్తో గాళ్లలో పెట్టాలి. గడ్డపార పెట్టి ఎక్కించకూడదు. అలా ఎక్కించిన బెల్టు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల దారాలు తెగి ఉంటాయి, కొద్ది రోజుల్లో ఒక పక్కకు మెలిక తిరిగి గాడిలోంచి బయటికొస్తుంది. పడవలో అయితే ఇంజన్ జరగదు కాబట్టి ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేసి దాన్ని లోపలికి నెడతారట. ఇంజన్ మెట్ల కింద పెట్టెలో ఉంటుందని, తలకిందులుగా వేలాడుతూ ఒంటి చేత్తో చేయాలని చెప్పాడు. మా గానుగ పక్కన మంచం వేసుకుని చేసేంత చోటుంది, వాడు దాన్ని చూసి కుళ్లుకున్నాడు.

తర్వాత రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగి పట్టుకోవాలి. దారం ఒక్కో పుల్లీని రెండు అంచుల్లోనూ తాకాలి, మొత్తం నాలుగు చోట్ల. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే ఇంజన్ వంకరగా ఉన్నట్టు. మాది కొంచెం వంకరే. ఇంజన్‌ను అటూ ఇటూ సుత్తి పిడితో తట్టి సరిచేశాం. బెల్టు ఒక పక్కే అరుగుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

ఇక టెన్షన్, అంటే బెల్టు బిగువు. రెండు పుల్లీల మధ్య బెల్టు ఆనకుండా ఉండే పొడవు ఒక మీటరుకు 16 మి.మీ. చొప్పున నడుమ నొక్కితే దిగాలి. మాకు ఆ పొడవు 70 సెం.మీ. ఉంది, అంటే 11 మి.మీ. ఎంత బలంతో నొక్కాలో చెప్పే కంపెనీ చార్టు అంగట్లో గోడకు ఉంది. ఆయన ఫోటో తీసుకోనిచ్చాడు. మావాడు స్ప్రింగ్ త్రాసు తగిలించి దాని ప్రకారమే చూశాడు. అరగంట ఖాళీగా నడిపి ఒకసారి, మొదటి రోజు చెరకు ఆడించాక సాయంత్రం ఇంకోసారి బిగించాం. కొత్త బెల్టు గాడిలో కుదురుకునేటప్పుడు కొంత వదులవడం మామూలే, ఆ రెండోసారి బిగింపు మానేసేవాళ్లే ఎక్కువ. సింగిల్ సిలిండర్ ఇంజన్ రెండు చుట్లకొకసారి మాత్రమే పేలుతుంది కాబట్టి లాగుడు కుదుపులతో వస్తుంది, వదులు బెల్టు ఆ కుదుపుకు కొరడాలా ఎగురుతుంది.

ఆ తర్వాత అరుపు లేదు. పొడి కాస్త రాలింది, తర్వాత అదీ ఆగింది. నాకు నమ్మకం కుదిరింది వేరే పరీక్షతో: ఇంజన్ ఆపిన వెంటనే చిన్న పుల్లీ మీద చెయ్యి పెట్టి చూడండి. పాత సెట్టుతో చెయ్యి పెట్టలేకపోయేవాణ్ని, అంత కాలేది. జారిన బలమంతా వేడిగా మారుతుంది మరి, ఆ వేడికి డీజిల్ ఖర్చు మనదే. ఇప్పుడు గోరువెచ్చగా ఉంటుంది, చెయ్యి పెట్టి మాట్లాడుకోవచ్చు. సీజన్ అంతా అదే సెట్టు నడిచింది, ఇంకా పనికొస్తుంది. పని అయిపోయాక తీసి, ఎండ తగలని చోట కొక్కేనికి తగిలించాను. పుల్లీల మీదే వదిలేస్తే ఒకే వంపులో బిగుసుకుపోతాయి. పైగా రసం చుక్కలు పడిన బెల్టు ఎలుకలకు ఇష్టం.

పెద్దాయన అడిగిన ఇంకో మాట రాయాలి. డబ్బు తీసుకుంటూ "జాలీ ఉందా?" అన్నాడు. బెల్టులకు అడ్డంగా ఇనుప జాలీ. లేదన్నాను. గానుగ దగ్గర అందరం లుంగీలే, భుజాన తువ్వాలు ఉంటుంది. ఆ బెల్టు సెకనుకు 12 మీటర్ల వేగంతో పోతూ ఉంటుంది, తువ్వాలు కొస చిక్కితే విడిపించుకునే టైము ఉండదు. వెల్డింగ్ షాపు అడ్రసు రాసిచ్చాడు, కొలతలు తనే గీశాడు. జాలీ పెట్టించాను. పొద్దున బెల్టు చూడటానికి రెండు బోల్టులు విప్పాల్సి రావడం చిన్న ఇబ్బందే.

ఇప్పుడు తగ్గిన స్టారు. సీజన్ మధ్యలో స్పేరు సెట్టు ఉంచుకుందామని పోతే బి-120 ఒక్కటే ఉంది. అదైనా ఇవ్వండి అంటే ఇవ్వలేదు, మూడూ వచ్చాక తీసుకుపో అన్నాడు. రెండు రోజుల్లో వస్తాయన్నవి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆయన నియమం సరైనదే కావచ్చు, కానీ చుట్టూ ఇన్ని గానుగలున్న ఊళ్లో సీజన్‌లో అందరూ అడిగే నాలుగైదు సైజులు నిండుగా పెట్టుకోకపోతే ఎలా? బి కంటే పెద్దదైన సి సైజులో పొడవు నంబర్లు అసలు ఉండవు. పెద్ద క్రషర్ల వాళ్లు తిరుపతి పోవాల్సిందే, అక్కడ సరుకు ఎక్కువే కానీ ఒకే బ్యాచ్ వెతికిచ్చే ఓపిక నేను పోయిన చోట్ల కనిపించలేదు. ఫోన్ ఎత్తడు. కొడుకు నంబరు బోర్డు మీద కింద చిన్నగా ఉంది, దానికి చేస్తే స్టాకు చెబుతాడు. ఫోన్‌పే తీసుకుంటారు. బిల్లు చేత్తో రాస్తాడు, నాలుగు లైన్లకు పావుగంట.

తొందరలో ఉన్నవాళ్లకు ఈ అంగడి పడదు. ఆయన ప్రశ్నలకు సమాధానాలు చెప్పాలి: ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని ఆర్‌పీఎం, రెండు పుల్లీల సైజులు, వాటి నడుమల మధ్య దూరం. ఇవి చీటీ మీద రాసుకుని, పాత బెల్టు, వీలైతే చిన్న పుల్లీ వెంట తీసుకుపోండి. లేకపోతే నన్ను పంపినట్టే వెనక్కి పంపిస్తాడు. ఆదివారం మూత. మామూలు రోజుల్లో పొద్దున పది లోపల పోవడం మంచిది, భోజనానికి ఇంటికి పోతే నాలుగింటిదాకా రాడు, కొడుక్కేమో గేజీల సొరుగు తాళం ఇవ్వడు.